ఏడాది దాటిన బిడ్డలో నడకే కాదు, వేలూ చూడండి

ఏడాది నిండిందంటే ఇంటిల్లిపాది కళ్లూ బిడ్డ కాళ్ల మీదే. నడకకు మాత్రం ఒక్కో బిడ్డది ఒక్కో లెక్క: ఒకరు తొమ్మిదో నెలలో అడుగేస్తే ఇంకొకరు 17 నెలలకు వేస్తారు. 18 నెలలు నిండినా పట్టుకోకుండా నడవకపోతే డాక్టర్‌కు చూపించాలి. చక్రాల వాకర్ కొనొద్దు. అది నడక నేర్పదు, గడప దగ్గర బోర్లా పడేస్తుంది.

ఎక్కువగా గమనించాల్సింది చూపుడు వేలు. కడుపు నిండి, నిద్ర తీరినప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎదురు గోడ మీది బల్లిని చూపి "అదో బల్లి!" అనండి. బిడ్డ మీ వేలిని కాదు, బల్లిని చూడాలి. 18 నెలలకల్లా తనే వీధిలో మేకను చూపించి, మీరు చూశారో లేదో అని మీ మొహంలోకి తిరిగి చూడాలి. బిస్కెట్ కావాలని చూపడం వేరు, వింతను పంచుకోవాలని చూపడం వేరు. రెండోది లేకపోతే, మాటలు వచ్చినా సరే, డాక్టర్‌కు చెప్పండి.

చేతుల పనితనం చూడడానికి బొరుగులు చాలు. పక్కనే కూర్చుని పళ్లెంలో నాలుగు వేయండి. బొటనవేలు, చూపుడువేలు కొసలతో ఏరుకోవాలి. ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతుంటే ఎడమచేతి వాటమని సరిపెట్టుకోకండి. ఈ వయసులో రెండో చేతిలో బలం తక్కువేమో చూడాలి. శెనక్కాయలు గింజగా పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి పెట్టండి.

18 నెలలకు అమ్మ, నాన్న కాక మూడు మాటలు, రెండేళ్లకు "అవ్వ రా" లాంటి జోడు మాటలు రావాలి. కుక్కను ఎప్పుడూ "బౌబౌ" అంటుంటే అదీ మాటే. ఇంట్లో ఉర్దూ ఉన్నా, అనంతపురం జిల్లా రాయదుర్గం వైపు కన్నడ ఉన్నా, రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. "గ్లాసు తీసుకురా" అనేటప్పుడు చెయ్యి చూపొద్దు. చూపితే బిడ్డకు అర్థమైంది మాటో, సైగో తెలియదు.

రెండు నెలలు ముందే పుట్టిన బిడ్డకు, రెండేళ్లు నిండేదాకా, వయసులో ఆ రెండు నెలలు తీసేసి చూడాలి.

"వాళ్ల నాయనా మూడేళ్లు వచ్చేదాకా మాట్లాడలేదు" అంటుంది అవ్వ. ఆ మాట మీద ఆగిపోకుండా ముందు చెవి పరీక్ష చేయించండి. వచ్చిన మాటలు పోతే ఒక్క వారం కూడా ఆగొద్దు. అంగన్‌వాడీలో, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షలు ఉచితం. వెళ్లేముందు ఇంట్లో ఆడుకుంటుండగా రెండు నిమిషాల వీడియో తీసుకుపోండి. ఆస్పత్రిలో కొత్త మొహాలు చూస్తే బిడ్డ బిగుసుకుపోతుంది.