ఇల్లు మారేటప్పుడు తలకోన బ్యాగు విప్పకండి

ఆషాఢం వస్తే ఇల్లు మారకూడదంటారు, బడులు తెరిస్తే కుదరదు. అందుకే తిరుపతిలో అందరి సామాన్లూ మే నెల ఎండలోనే టాటా ఏస్ ఎక్కుతాయి. మావీ అంతే. పిల్లలకేమో సెలవులు, తలకోన, చంద్రగిరి కోట అంటూ ఒకటే గోల.

తలకోనలో 270 అడుగుల జలపాతం చూడ్డానికి సర్దుకున్న బ్యాగును ఇంటికొచ్చాక ఖాళీ చేయకండి. తువ్వాళ్లు, టార్చి, దోమల క్రీము, నీళ్ల సీసాలు అందులోనే ఉంటాయి కదా. తడిబట్టలు తీసేసి ఉతికినవి పెట్టండి. పాలు పొంగించే గిన్నె, అగ్గిపెట్టె, ఛార్జర్లు, స్క్రూడ్రైవర్ చేర్చండి. కొత్తింట్లో మొదటి రాత్రికి అదే మీ ఇల్లు. దాన్ని లారీలో వేయొద్దు, చేతిలోనే ఉంచుకోండి.

ఫ్యాను విప్పగానే బోల్టులు, స్క్రూలు చిన్న కవర్లో వేసి దాని మోటారుకే టేపుతో అంటించండి. పోయినసారి అవి ఏ డబ్బాలో పోయాయో దొరక్క మిద్దె మీద పడుకున్నాం. పిల్లలకు మాత్రం తలకోన కంటే ఆ రాత్రే నచ్చిందట!

బండిని తెల్లవారి 5 గంటలకే రమ్మనండి. 10 దాటితే బీరువా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.