దెయ్యం మారినా మాస్కు పాతదేనా? సీక్వెల్ షూటింగుకి ముందు కొన్ని జాగ్రత్తలు

గత నెల భీమిలి వైపు ఒక నైట్ షూట్‌లో కొత్త కుర్రాడు స్పృహ తప్పి ఇసుకలో పడిపోయిన సంగతి ఇక్కడి యూనిట్లలో అందరికీ తెలిసే ఉంటుంది. తక్కువ బడ్జెట్ హారర్ సినిమాకి రెండో భాగం అది. మొదటి భాగంలో దెయ్యం వేసినాయన రెమ్యునరేషన్ పెంచమన్నాడని ఆయన్ని పక్కన పెట్టి ఈ కుర్రాణ్ని తెచ్చారు. మాస్కు మాత్రం పాతదే వాడారు. పాతాయనది కోల ముఖం, పొడుగు ముక్కు. కుర్రాడిది గుండ్రటి ముఖం. మాస్కుకి ఉన్న ముక్కు రంధ్రాలు అతని పైపెదవి మీదికి దిగాయి. చెమటకి లోపలి రబ్బరు ముక్కుకి అతుక్కుపోయింది. ఊపిరాడక రెండు చేతులూ ఊపుతుంటే మానిటర్ దగ్గరున్నవాళ్లు నటన అనుకున్నారు, కట్ చెప్పలేదు. ఒక లైట్‌బాయ్‌కి అనుమానం వచ్చి పరుగెత్తుకెళ్లి మాస్కు చింపాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఎవరి సినిమా అన్నది రాయను. ఇలాగే చేసే యూనిట్లు ఇంకా ఉన్నాయి, వాళ్ల కోసమే ఇది.

రాత్రులు పొడుగయ్యే రోజులు వస్తున్నాయి. రుషికొండ, యారాడ, ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కల చిన్న సినిమాల పనులు మొదలవుతాయి. జనరేటరు, కేబుళ్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా గురించి నేను చెప్పక్కర్లేదు. మేకప్ పనిలో ఉంటూ యూనిట్లని ముంచిన తప్పు ఒకటి పదే పదే చూశాను, దాని గురించే చెబుతాను. పాత మనిషి కొలతల్ని కొత్త మనిషికి తొడగడం. మాస్కు, లెన్సు, పళ్ల సెట్టు, తాళ్లతో గాల్లోకి లేపే రోప్ బెల్టు, విగ్గు, చివరికి నడక కూడా. "ఏటవుద్ది, ఒక్క షాటే కదా" అన్న మాట ఎక్కడ వినిపించినా అక్కడే ఆగండి.

ముందు మాస్కు

విలన్ ముఖం కనిపించదు కాబట్టి లోపల ఎవరున్నా ఒకటే అని నిర్మాతలు నమ్ముతారు. దానికి అమెరికా సినిమాల్ని చూపిస్తారు. 'ఫ్రైడే ద థర్టీన్త్' వరసలో మాస్కు పెట్టుకుని చంపే జేసన్ పాత్రని 1982లో రిచర్డ్ బ్రూకర్, 1984లో టెడ్ వైట్, 1988 నుంచి 2001 దాకా నాలుగు సినిమాల్లో కేన్ హాడర్, 2003లో కెన్ కర్జింగర్ వేశారు, జనం చూశారు కదా అంటారు. చూశారు, నిజమే. కానీ వాళ్లు దారినపోయే మనుషులు కాదు. టెడ్ వైట్, హాడర్, కర్జింగర్ వృత్తిరీత్యా స్టంట్ మనుషులు. పడటం, మునగడం, ఊపిరి బిగబట్టడం వాళ్ల పని. మీరు తెచ్చిన కుర్రాడు నిన్నటిదాకా గాజువాకలో వీధి నాటకం వేస్తున్నవాడు. ఆ తేడా మర్చిపోతే ఎలా?

పోనీ ప్రాణం సంగతి పక్కన పెట్టి సినిమా కోణంలోనే చూడండి. 1978 నాటి 'హాలోవీన్'లో విలన్ మాస్కు కొట్లో కొన్నది, నటుడు విలియం షాట్నర్ ముఖంతో చేసింది. దానికి తెల్లరంగు వేసి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి నిక్ కాసిల్‌కి తొడిగారు. 1981 సీక్వెల్లో అదే మాస్కు డిక్ వార్లాక్ పెట్టుకున్నాడు. తల ఆకారం వేరు, పైగా మాస్కు పాతబడింది, దాంతో అదే ముఖం వెడల్పుగా, ఇంకొకరిదిలా కనిపించింది. ఇప్పటికీ అభిమానులు ఆ తేడా గురించి మాట్లాడుకుంటారు. మీరు మిగిల్చిన డబ్బు తెర మీద మొదటి క్లోజప్‌లోనే బయటపడిపోతుంది.

కాబట్టి కొత్త మనిషికి కొత్త అచ్చు తీయండి. పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్‌తోనే ముఖం అచ్చు తీస్తారు. అది గట్టిపడ్డాక, ఆకారం చెడకుండా పైన ప్లాస్టర్ బ్యాండేజీ వేస్తారు. ప్లాస్టర్ నేరుగా చర్మం మీద వేయొద్దు, గట్టిపడేటప్పుడు వేడెక్కి కాలుస్తుంది. అచ్చు తీసినంతసేపూ ఒక మనిషి ఇంకే పనీ పెట్టుకోకుండా ముక్కు రంధ్రాల్నే చూస్తూ ఉండాలి. కూర్చున్నాయన చేతిలో ఒక చిన్న గంట పెట్టండి. మోగితే ఎంత దూరం వచ్చినా తీసెయ్యాలి, "ఇంకొక్క నిమిషం" అనకూడదు.

మాస్కు చేసే రబ్బరు, అంటే లాటెక్స్, పడనివాళ్లు ఉంటారు. బెలూన్లు ఊదితే పెదాలు వాచే మనిషి అయితే ముందే చెప్పించుకోండి. మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడండి. అతికించే గమ్ముకి కూడా ఇదే పరీక్ష చేయాలి. పాత ఆర్టిస్టుకి ఏమీ కాలేదన్న మాట ఇక్కడ పనికిరాదు. చర్మం కూడా కొలతే.

విశాఖలో ఇంకొక ఇబ్బంది ఉంది. ఇది ఉక్కపోత ఊరు. రాత్రి పదింటికి కూడా బీచ్ దగ్గర ఒంటికి చొక్కా అతుక్కుపోతుంది. చెమటకి గమ్ము వదులుతుంది, మాస్కు జారుతుంది, జారిన మాస్కు మొదట కప్పేది ముక్కునే. షాటు షాటుకీ ముక్కు రంధ్రాలు ఎక్కడున్నాయో వేలుపెట్టి చూడండి. షాటు అయిన వెంటనే తీసే వీలున్న మాస్కే వాడండి. అతికించిన మాస్కయితే మేకప్ మనిషి కత్తెరతో కెమెరా పక్కనే నిలబడాలి, టీ తాగడానికి కూడా కదలకూడదు.

కళ్లు

కంటి తెల్లగుడ్డు కూడా కప్పేసే పెద్ద లెన్సులు హారర్‌లో మామూలే, ఖరీదూ ఎక్కువే. అందుకే మొదటి భాగంలో కొన్న జతని డబ్బాలో దాచి రెండో భాగంలో కొత్తవాడి కళ్లలో పెడతారు. ఈ ఒక్క పని చేసినా నేను ఆ సెట్లో ఉండను. ఒకరి కంటి వంపు ఇంకొకరికి ఉండదు. సరిపడని లెన్సు నల్లగుడ్డుని రాపాడుతుంది, పాత మనిషి కంటి సూక్ష్మక్రిములు ఆ గాయంలోకి దిగుతాయి. నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు పోవచ్చు. లెన్సుల్ని కుళాయి నీళ్లతో కడగొద్దు. సముద్రంలో, గాలికి ఇసుక లేచే చోట పెట్టొద్దు. హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, ఊళ్లో ఇంకా కంటి డాక్టర్లున్నారు. కొత్త మనిషిని తీసుకెళ్లి కొలత తీయించండి. ఖర్చు భరించలేకపోతే ఎడిటింగులో కళ్లు తెల్లగా చేయించుకోండి.

నడక, ఒళ్లు

మాస్కు పెడితే ఎవరైనా ఒకటే అనుకోవడం పెద్ద కంపెనీలూ చేశాయి. 1985లో 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' రెండో భాగానికి, మొదటి భాగంలో విలన్ వేసిన రాబర్ట్ ఇంగ్లండ్ లేకుండా ఇంకొకర్ని మేకప్‌లో నిలబెట్టి షూటింగు మొదలుపెట్టారు. నడకలో, నిలబడటంలో ఆ భయం రాలేదు. మళ్లీ ఇంగ్లండ్‌నే పిలిచారు. మన దగ్గర పిలవకపోగా, కొత్తవాడి చేతికి ఫోను ఇచ్చి పాత సినిమా చూపించి "అచ్చం ఇలాగే మెడ వంచు" అంటారు. పాతాయన మెడ అలా వంగుతుంది, ఇతనికి వంగకపోవచ్చు. రాత్రంతా వంచితే తెల్లారేసరికి మెడ పట్టేస్తుంది. కొత్తవాడి ఒంట్లో ఉన్న భయాన్ని వెతకండి. కథలో ఒక్క వాక్యం మారిస్తే ఆ దెయ్యం అలాగే నడుస్తుంది.

అచ్చు వల్ల కోర్టు గొడవలూ వస్తాయి. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' హారర్ కాదు గానీ ఇక్కడ చెప్పుకోవాలి. 1989లో రెండో భాగానికి, మొదటి భాగంలో వేసిన క్రిస్పిన్ గ్లోవర్ రాకపోతే, అతని ముఖం నుంచి తీసిన పాత అచ్చుతో మేకప్ చేసి జెఫ్రీ వైస్‌మన్‌ని నిలబెట్టారు, కొన్ని సీన్లలో తలకిందులుగా వేలాడదీశారు. గ్లోవర్ దావా వేశాడు, చివరికి రాజీ అయింది. మీ పాత ఆర్టిస్టు ముఖం అచ్చు వాడుకునే హక్కు అగ్రిమెంటులో రాసుకున్నారా? లేకపోతే ఆ అచ్చు ముట్టుకోకండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

రోప్ బెల్టు పాత మనిషిది వాడొద్దు. యాభై అయిదు కిలోల మనిషికి బిగించిన బెల్టులో ఎనభై కిలోల మనిషిని లేపితే తొడల దగ్గర రక్తం ఆగిపోతుంది. ముందు అంతే బరువున్న ఇసుక బస్తాని లేపి చూడండి. ఫైట్ మాస్టర్ లేని రోజు రోప్ షాటు లేదు.

పళ్ల సెట్టు ఎవరి దవడకి వాళ్లదే. వదులుగా ఉన్న కోరలు అరుపు మధ్యలో గొంతులోకి పోతాయి.

గౌను పొడుగు కొత్త మనిషి ఎత్తుకి కత్తిరించండి. మాస్కుతో కింద మెట్లు కనిపించవు. కొండల మీద మెట్ల సీను ఉంటే పక్కన చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి.

సైగ ముందే పెట్టుకోండి. దెయ్యం చేతులు ఊపితే నటన, అరిచినా నటనే. అందుకని ఎప్పుడూ నటనలో రానిది ఒకటి ఎంచుకోండి, రెండు అరచేతులు నెత్తి మీద పెట్టుకోవడం లాంటిది. అది కనిపిస్తే లైట్‌బాయ్ కూడా కట్ చెప్పొచ్చు. చెప్పినందుకు ఎవరూ తిట్టకూడదు.

అమావాస్య చీకటి బాగుంటుందని ఆ రాత్రే నీళ్లలో సీను పెట్టొద్దు. అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఎక్కువ. మన తీరం మామూలు రోజుల్లోనే లోపలికి లాగుతుంది. పెదజాలారిపేటలో వేటకెళ్లేవాళ్లని అడిగి, వాళ్లలో ఒకరిని కూలి ఇచ్చి తెచ్చుకోండి. మాస్కుతో మోకాలి లోతు దాటొద్దు. పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా ప్యాకప్.

విగ్గు దగ్గర నిప్పు వద్దు. జేసన్ వేషం వేయడానికి చాలా ముందే, 1970ల్లో ఒక నిప్పు స్టంట్‌లో కేన్ హాడర్ ఒళ్లు కాలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పని నేర్చుకున్న మనిషికే అలా జరిగింది.

కత్తి నకిలీదే అయినా అంచు వేలితో తడిమి చూడండి. ప్రతి టేకుకీ చూడండి.

మూసిన గదిలో పొగ కోసం డ్రై ఐస్ వాడొద్దు. దాన్నుంచి వచ్చే వాయువు కిందికి దిగుతుంది, అక్కడ ఊపిరాడదు, శవంలా నేలమీద పడుకునేది మీ కొత్త కుర్రాడే.

ఉపవాసంతో వచ్చినవాళ్లకి మాస్కు పెట్టొద్దు. ఉబ్బసం ఉందేమో అడగండి. వేషం పోతుందన్న భయంతో లేదంటారు, అందుకని విడిగా తీసుకెళ్లి అడగండి.

కొత్తవాడు ఊపిరాడట్లేదన్నా అంటే వాదించొద్దు. పాతాయన నాలుగు గంటలు ఉంచుకున్నాడని చెప్పొద్దు.

కొత్త అచ్చుకి డబ్బుల్లేవా? క్లోజప్‌లు తీసెయ్యండి. దెయ్యాన్ని వెనకనుంచి తీయండి, తలుపు సందులో చెయ్యి చూపించండి, ముసుగు గుడ్డ కప్పండి. అదీ కుదరదని దర్శకుడు పట్టుబడితే ఆ రోజు కాల్షీటు రద్దు చేసి, కుర్రాడికి బేటా (రోజు ఖర్చుల డబ్బు) ఇచ్చి ఇంటికి పంపండి.