గ్రాముల లెక్కలో తడబడకుండా స్టాయికియోమెట్రీ చేయడం ఎలా?

తిరుపతిలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు సాయంత్రాలు కెమిస్ట్రీ చెబుతుంటాను. స్టాయికియోమెట్రీ, అంటే రసాయన చర్యలో ఏది ఎంత పడుతుందో, ఏది ఎంత వస్తుందో కట్టే లెక్క, అనగానే చాలామందికి టెన్షన్. కూడికలు, భాగహారాలు రాక కాదు. గ్రాముల నుంచి నేరుగా గ్రాములకు దూకేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. మధ్యలో మోల్స్ (కణాల సంఖ్యను బట్టి పదార్థాన్ని కొలిచే కొలత) దగ్గర ఆగి తీరాలి.

చిత్తూరు మామిడి మండీలు తెలిసినవాళ్లకు కార్బైడ్ పేరు కొత్త కాదు. కాయలు మాగబెట్టడానికి దాన్ని వాడటం నిషేధం, ప్రమాదం కూడా. మనం కాగితం మీద లెక్క మాత్రమే చేద్దాం.

ముందు సమీకరణాన్ని బ్యాలెన్స్ చేసి రాసుకోండి:

కాల్షియం కార్బైడ్ + 2 నీరు → ఎసిటిలీన్ + కాల్షియం హైడ్రాక్సైడ్

నీటి ముందున్న ఆ 2 అంటే రెండు గ్రాములని కాదు. ఇడ్లీ పిండికి గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ పోస్తాం కదా, అలాంటి కొలత అది. కెమిస్ట్రీలో ఆ గ్లాసు పేరే మోల్.

తర్వాత ఒక్కో మోల్ బరువు కట్టండి. కాల్షియం 40, కార్బన్ రెండు 24, మొత్తం కార్బైడ్ 64 గ్రాములు. నీరు 18, ఎసిటిలీన్ 26, కాల్షియం హైడ్రాక్సైడ్ 74.

ఇప్పుడు అసలు లెక్క. 32 గ్రాముల కార్బైడ్, 27 గ్రాముల నీరు ఉన్నాయి. ఎసిటిలీన్ ఎంత వస్తుంది? గ్రాములు చూసి నీరే తక్కువ, అదే ముందు అయిపోతుంది అనుకుంటారు. ఈ తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. మోల్స్‌లోకి మార్చండి: 32ను 64తో భాగిస్తే 0.5, 27ను 18తో భాగిస్తే 1.5. గ్లాసున్నర రవ్వ ఉన్నా అర గ్లాసు పప్పుకు గ్లాసు రవ్వే చాలు, మిగతా అర గ్లాసు డబ్బాలోనే ఉంటుంది. అలాగే 0.5 మోల్ కార్బైడ్‌కు 1 మోల్ నీరు సరిపోతుంది. ముందు అయిపోయేది కార్బైడే. దాన్నే లిమిటింగ్ రీఏజెంట్ అంటారు, జవాబు దాన్ని బట్టే కట్టాలి.

0.5 మోల్ కార్బైడ్‌కు 0.5 మోల్ ఎసిటిలీన్, అంటే 13 గ్రాములు.

సరిచూసుకోవడం మాత్రం మానకండి. ఎసిటిలీన్ 13, హైడ్రాక్సైడ్ 37, మిగిలిన నీరు 9, మొత్తం 59. మొదట తీసుకున్నదీ 32, 27 కలిపి 59 గ్రాములే.

ఇక 64 గ్రాముల కార్బైడ్, 18 గ్రాముల నీటితో మీరే చేసి చూడండి. ఈసారి మిగిలేది కార్బైడ్, 32 గ్రాములు రావాలి.