యాషికా ఎలక్ట్రో 35 జీఎస్‌ఎన్: బ్యాటరీ గది బాగుచేసిన తీరు

చవకలో రోజూ వాడుకోడానికి నా మటుకు ఈ పాత ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ (విడి కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే) కెమెరాయే సరి. ఆ 45 ఎంఎం ఎఫ్1.7 లెన్సు ఒక్కటి చాలు. నా దాంట్లో ఎంత మసక వెలుతురైనా షట్టర్ టక్కున మూసుకునేది. కరెంటు అందకపోతే ఇది 1/500 సెకను మీదే పనిచేస్తుంది, అందుకే ఇంట్లో తీసినవన్నీ నల్లగా వస్తాయి.

బ్యాటరీ గది మూత విప్పితే అడుగు రేకు మీద పచ్చటి చిలుం. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో ముంచి, బాగా పిండి రుద్దాను. తడి లోపలికి జారితే వైరు అతుకు తినేస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి రాత్రంతా ఆరబెట్టాను. బెజవాడ ఉక్కలో ఇక్కడ తొందర పనికిరాదు.

అసలు 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు రాదు. బీసెంట్ రోడ్డులో ఎల్‌ఆర్44 బొత్తాం సెల్స్ నాలుగు కొని, ఒకదాని మీద ఒకటి పేర్చి, 16 ఎంఎం లావు వచ్చేదాకా కాగితం చుట్టాను. ఆ దొంతర పొడవు 22 ఎంఎం, గదికి అది సగమే. మిగతా ఖాళీలో టార్చిలైటు స్ప్రింగు పెట్టాను. ప్లస్, మైనస్ గదిలోని గుర్తు ప్రకారమే ఉండాలి. నాలుగూ కలిసి 6 వోల్టులైనా ఎక్స్‌పోజర్‌లో (ఫిల్మ్ మీద పడే వెలుతురులో) తేడా కనబడలేదు.

బ్యాటరీ చెక్ బటన్ నొక్కితే లైటు వెలగాలి. వెలిగినా షట్టర్ మొండికేస్తే, రీలు తిప్పేటప్పుడు లోపల ‘ఠక్’మంటుందేమో వినండి. అనకపోతే షట్టర్‌ని నడిపే భాగాల్లోని చిన్న రబ్బరు ప్యాడ్ అరిగిపోయినట్టే, కెమెరా విప్పక తప్పదు.