ఫ్యామిలీ కోర్టు కేసు ఏ జడ్జి ముందుకు వెళ్తుందో తెలుసుకోవడం ఎలా? మైనర్ల కేసుల సంగతేంటి?

విడాకులకో, పిల్లల కస్టడీకో కోర్టు మెట్లు ఎక్కబోయేవాళ్లు లాయర్‌ని ఫీజు ఎంతని అడిగాక, వెంటనే అడిగేది ఇదే: "మన కేసు ఏ జడ్జిగారి దగ్గరికి వస్తుంది సార్?" జడ్జిని ఎంచుకునే వీలు మీకూ లేదు, మీ లాయర్‌కూ లేదు. "ఫలానా కోర్టుకే వచ్చేలా చూస్తాను, కొంచెం ఖర్చవుతుంది" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ చేతిలో ఉండేది ఊరు మాత్రమే. అదీ చట్టం ఒప్పుకున్న ఊళ్లలోంచే.

1. ముందు ఊరు తేల్చుకోండి

ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ఒక జంట పెళ్లి గుంటూరులో జరిగింది, కాపురం హైదరాబాద్‌లో. గొడవలయ్యాక ఆమె రాజమండ్రిలో పుట్టింటికి వెళ్లిపోయింది, అతను ఉద్యోగం మారి బెంగళూరు చేరాడు. ఇప్పుడు విడాకుల పిటిషన్ ఎక్కడ వేయాలి?

హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ దీనికి జవాబు చెబుతుంది. పెళ్లి జరిగిన చోట వేయొచ్చు. ఎదుటి పక్షం ఉంటున్న చోట వేయొచ్చు. ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట వేయొచ్చు. పిటిషన్ వేసేది భార్య అయితే ఆమె ఉంటున్న చోట కూడా వేయొచ్చు. ఈ చివరి వెసులుబాటు 2003లో చేసిన సవరణతో వచ్చింది. అంటే పై కథలో ఆమెకు నాలుగు ఊళ్లూ పనికొస్తాయి. అతనికి గుంటూరు, హైదరాబాద్, రాజమండ్రి మాత్రమే. తను ఉంటున్న బెంగళూరులో వేస్తే, పరిధి లేదని పిటిషన్ వెనక్కి వస్తుంది. అప్పటికి కొన్ని నెలలు పోయి ఉంటాయి.

ఎదుటివాళ్లు విదేశంలో ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు పిటిషన్ వేసేవాళ్లు తాము ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు. డాలస్‌లో ఉన్న భార్య మీద ఒంగోలులో ఉన్న భర్త కేసు వేయగలిగేది ఈ దారిలోనే.

గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేసే కస్టడీ కేసులో అమ్మానాన్నల ఊళ్లతో పని లేదు. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుంటే ఆ కోర్టుదే అధికారం. పండక్కి తాతగారింటికి వచ్చిన బిడ్డని అక్కడే ఉంచేసి, వారంలో కేసు వేస్తే "మామూలుగా ఉంటున్న చోటు" అయిపోదు. ఈ ఎత్తు వేసేవాళ్లని జడ్జీలు చాలామందినే చూసి ఉంటారు.

ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లకు, ఇతర మతాలవాళ్లకు వర్తించే చట్టాలు వేరు. వాళ్లు ఊరి విషయం లాయర్‌తో విడిగా సరిచూసుకోవాలి.

2. ఆ ఊళ్లో ఏ కోర్టు?

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. 10 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో ఈ కోర్టు పెట్టి తీరాలి, మిగతా చోట్ల అవసరాన్ని బట్టి పెట్టొచ్చు. కొన్ని చోట్ల అడిషనల్ డిస్ట్రిక్ట్ జడ్జిగారే ఫ్యామిలీ కోర్టు జడ్జిగానూ ఉంటారు, బోర్డు మీద రెండు హోదాలూ రాసి ఉంటాయి. చూసి కంగారు పడొద్దు. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్లలో విడాకుల లాంటి కేసులు సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి దగ్గర హెచ్ఎంఓపీ (హిందూ మ్యారేజ్ ఒరిజినల్ పిటిషన్) నంబరుతో నడుస్తాయి. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట మాత్రం ఆ కేసులు మరో సివిల్ కోర్టు వినడానికి వీల్లేదు.

గృహహింస చట్టం కింద వేసే కేసు మేజిస్ట్రేట్ కోర్టులో వేయాలి. వరకట్న వేధింపుల క్రిమినల్ కేసు కూడా అక్కడికే వెళ్తుంది. అందుకే ఒకే ఇంటి గొడవ ఇద్దరు ముగ్గురు జడ్జీల ముందు నడుస్తుంటుంది. జనాన్ని నిజంగా అలసిపోయేలా చేసేది ఈ తిరుగుడే.

3. నంబరు పడ్డాక ఎవరి దగ్గరికి వెళ్తుంది?

పిటిషన్ దాఖలు చేయగానే కేసు నంబరు రాదు. ముందు ఎస్ఆర్ నంబరు అనే తాత్కాలిక నంబరు పడుతుంది. ఆఫీసు కాగితాలు పరిశీలిస్తుంది, పెళ్లి ఫొటో లేదనో చిరునామా రుజువు లేదనో రిటర్న్ చేస్తుంది. అవి సరిచేసి మళ్లీ ఇస్తే ఎఫ్‌సీఓపీ (ఫ్యామిలీ కోర్టు ఒరిజినల్ పిటిషన్) లాంటి అసలు నంబరు వస్తుంది.

ఒక్కరే జడ్జి ఉన్న చోట ఇక ప్రశ్నే లేదు. ఎక్కువమంది ఉన్న చోట పని పంచేది ప్రిన్సిపల్ జడ్జి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 4వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది, ఏ పద్ధతిలో పంచాలో మాత్రం చెప్పలేదు, ఆయనకో ఆమెకో తగినట్టు అని వదిలేసింది. అడిషనల్ ఫ్యామిలీ కోర్టులో పెండింగ్ తక్కువగా ఉంటే కొన్ని ఫైళ్లు అటు పంపొచ్చు. ఇలా పంపడాన్ని కోర్టు మనుషులు "మేడ్ ఓవర్" అంటారు. మీకు ఎవరో ఫోన్ చేసి చెబుతారని కూర్చోవద్దు. పాత హాల్లో పిలుపు కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, తీరా అడిగితే "మీది మేడ్ ఓవర్ అయిందమ్మా, పక్క కోర్టుకెళ్లండి" అనిపించుకునేవాళ్లు ఉంటూనే ఉంటారు. ఈలోగా అక్కడ పిలిచి, పలికేవాళ్లు లేక ఎక్స్‌పార్టీ చేసినా చేస్తారు, అంటే రానివాళ్ల మాట వినకుండానే కేసు నడిపేస్తారు.

దీనికి మందు సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉంటాయి, చివరి నాలుగూ సంవత్సరం. లాయర్‌ని అడిగి ఇది రాసి పెట్టుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే కేసు ఏ కోర్టులో ఉంది, వాయిదా ఎప్పుడు, ఏ దశలో ఉంది అన్నీ కనిపిస్తాయి. వాయిదాకి ముందురోజు సాయంత్రం ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

4. కేసులన్నీ ఒకే చోటికి చేర్చమని అడగండి

అతను విడాకులకి వేశాడు, ఆమె కాపురానికి రమ్మని వేసింది, మనోవర్తి కేసు ఇంకొకటి. ఇవి ఒకే నగరంలో వేర్వేరు ఫ్యామిలీ కోర్టుల్లో పడితే, ఒక్క జడ్జి దగ్గరే పెట్టమని మొదటి వాయిదాల్లోనే దరఖాస్తు వేయించండి. సాక్ష్యం మొదలయ్యాక అడిగితే అంత తేలిక కాదు. ఇద్దరూ వేర్వేరు జిల్లాల్లో విడాకుల పిటిషన్లు వేస్తే, రెండోది మొదటి కోర్టుకి పంపి కలిపి విచారించాలని హిందూ వివాహ చట్టం 21-ఎ సెక్షన్ చెబుతుంది. అందుకే "ముందు ఎవరు వేస్తే వాళ్ల ఊరు" అన్న పరుగు పందెం. గృహహింస చట్టం కింద దొరికే రక్షణ, నివాసం, భృతి లాంటివి ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్న కేసులోనే అడగడానికి ఆ చట్టం 26వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఇది వాడుకునేవాళ్లు తక్కువ, వాడుకుంటే ఒక కోర్టు తిరుగుడు తప్పుతుంది.

5. జడ్జి బదిలీ అయితే?

కేసు కోర్టుది, జడ్జిది కాదు. జడ్జి వెళ్లిపోతే ఫైలు ఆయన వెంట వెళ్లదు. కొత్తగా వచ్చినవాళ్లు సాక్ష్యం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగిస్తారు. కుర్చీ ఖాళీగా ఉంటే పక్క జడ్జి ఇన్‌ఛార్జిగా ఉంటారు. అప్పుడు చాలావరకు వాయిదాలే పడతాయి. బిడ్డని చూసే హక్కు, మధ్యంతర భృతి లాంటి అత్యవసరాలుంటే మాత్రం ఇన్‌ఛార్జి కోర్టునే అడగాలి, కొత్త జడ్జి వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

తీర్పు మనకి ఎదురుగా వచ్చిందని జడ్జిని మార్చమంటే కుదరదు. దానికి అప్పీలు ఉంది, ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం హైకోర్టులో, 30 రోజుల్లోపు, ఇద్దరు జడ్జీల బెంచ్ ముందు.

6. ఊరే మార్చాలంటే

ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. రాష్ట్రం దాటితే సుప్రీంకోర్టే. మనవాళ్లకి ఇక్కడో చిక్కు వచ్చి పడింది. 2018 చివరిదాకా రెండు తెలుగు రాష్ట్రాలకీ హైదరాబాద్‌లో ఉమ్మడి హైకోర్టు ఉండేది. 2019 జనవరి 1 నుంచి ఎవరిది వాళ్లకి అయింది. ఇప్పుడు హైదరాబాద్ కేసుని విజయవాడకి మార్చాలన్నా ఢిల్లీ దాకా వెళ్లాల్సిందే.

చంటిబిడ్డ ఉందని, ఆదాయం లేదని, వెంట వచ్చేవాళ్లు లేరని భార్య చెబితే కోర్టులు ఆమె ఇబ్బందిని గట్టిగానే పట్టించుకుంటాయి. అయితే ఊరికే చెప్పి వదిలేయకుండా కాగితాలు జతచేయాలి. మహిళలకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ సాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

7. పిల్లలే కేసులో ఉంటే

18 ఏళ్లలోపు పిల్లలు నేరారోపణలో చిక్కుకుంటే ఊరి ఎంపిక కూడా ఉండదు. వాళ్లని 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తేవాలి. లాకప్‌లో పెట్టకూడదు. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. బోర్డు కూర్చోని రోజైతే ఒక్క సభ్యుడి ముందు హాజరుపరిచినా చెల్లుతుంది. పెద్దవాళ్లతో కలిసి పట్టుబడినా, పిల్లల విచారణ వేరుగానే జరగాలి.

16 దాటినవాళ్ల మీద హేయమైన నేరం ఆరోపణ ఉంటే బోర్డు ముందుగా ఒక అంచనా వేస్తుంది, అవసరమనుకుంటే సెషన్స్ స్థాయిలో ఉండే చిల్డ్రన్స్ కోర్టుకి పంపుతుంది. కేసు జడ్జి మారేది ఇక్కడే, కాబట్టి ఈ అంచనా నాటికి మంచి లాయర్ పక్కన ఉండాలి.

పొరపాటున పిల్లాణ్ని మామూలు మేజిస్ట్రేట్ ముందు పెడితే వెంటనే వయసు సంగతి లేవనెత్తండి. ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తీర్పు వచ్చాక కూడా లేవనెత్తొచ్చు. ముందు చూసేది స్కూల్ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. బడిలో చేర్పించేటప్పుడు ఏదో ఒక పుట్టినరోజు రాయించేసే అలవాటు మన ఊళ్లలో ఉంది కదా, అదే తేదీ ఇక్కడ పిల్లాడి కేసు ఎవరు వినాలో తేలుస్తుంది.

దిక్కులేని పిల్లలు, వదిలేసిన పిల్లలు బోర్డు దగ్గరికి వెళ్లరు, వాళ్లది బాలల సంక్షేమ కమిటీ. జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత ఉత్తర్వులు కూడా 2022 సెప్టెంబర్ నుంచి జడ్జి దగ్గర కాదు, జిల్లా కలెక్టర్ దగ్గర. ఆ ఫైలు పట్టుకుని ఫ్యామిలీ కోర్టు క్యూలో నిలబడొద్దు.