పాత అంబాసిడర్ హెడ్‌లైట్లకు కొత్త వెలుగు

రాత్రిపూట గుంటూరు నుంచి విజయవాడ రావాలంటే మా అంబాసిడర్ మసక దీపాలు చాలవు. అందరూ ముందు పెద్ద బల్బు కొంటారు. నేను వైరింగుతో మొదలుపెట్టమంటాను. కరెంటు పాత స్విచ్చు గుండా తిరిగొచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. బ్యాటరీ కనెక్షన్ విప్పి, డిమ్, బ్రైట్‌లకు చెరొక రిలే (స్విచ్చు నుంచి వచ్చే చిన్న కరెంటుతో, బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకు వదిలే చిన్న పెట్టె) పెట్టండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందపాటి వైరు రిలే మీద 30 అని రాసిన పిన్నుకి, బల్బు వైరు 87కి, స్విచ్చు వైరు 86కి, ఎర్తు (బండి బాడీకి బిగించే వైరు) 85కి. ఎర్తు బిగించే చోట పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. ఇక్కడ బద్ధకిస్తే శ్రమంతా వృథా.

తర్వాత ఆటోనగర్‌లో 7 అంగుళాల గుండ్రటి హెచ్4 (ఒకే బల్బులో డిమ్, బ్రైట్ రెండూ ఉండే రకం) హెడ్‌లైట్లు, 60/55 వాట్ల (బ్రైట్‌కు 60, డిమ్‌కు 55) బల్బులు తీసుకోండి. 100 వాట్లవి వద్దు, వేడికి రిఫ్లెక్టర్ పాడవుతుంది. బల్బు గాజును వేలితో తాకకండి. చివరగా బండిని గోడకు ఎదురుగా నిలిపి, డిమ్ కాంతి హెడ్‌లైటు ఎత్తుకంటే కాస్త కిందే పడేలా లైటును సర్దే మరలు తిప్పండి.