పర్లాకిమిడిలో చిన్న సినిమా తీయాలంటే

సినిమా తీస్తామని నా దగ్గరకు వచ్చే మన కుర్రాళ్లు ముందు కెమెరా అద్దె అడుగుతారు. నేనైతే కథ ఎన్ని చోట్ల జరుగుతుంది, ఎంతమంది మాట్లాడతారు అని అడుగుతాను. హాలీవుడ్ నిర్మాత జేసన్ బ్లమ్ పనితీరు చూసి పట్టుకున్న ప్రశ్నలివి. ఓరెన్ పెలి తన సొంతింట్లోనే సుమారు 15 వేల డాలర్లతో 'పారానార్మల్ యాక్టివిటీ' తీస్తే, బ్లమ్ దాన్ని నమ్మి వెంటబడ్డాడు. 2009లో పారామౌంట్ స్టూడియో విడుదల చేసింది, వసూళ్లు 19 కోట్ల డాలర్లు దాటాయి. తర్వాత కూడా ఆయనది అదే దారి. చోట్లు తక్కువ, నోరు విప్పే పాత్రలు తక్కువ. అక్కడ డైలాగున్న నటుడికి యూనియన్ లెక్క ప్రకారం ఎక్కువ ఇవ్వాలి.

ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో ఉన్న మనకు ఆ ఖర్చు ఇంకో రూపంలో వస్తుంది. పాతపట్నం వాళ్లకు తెలుగు కావాలి, మోహన వైపు ఒడియా కావాలి. ప్రతి మాటా రెండుసార్లు తీయాలి, లేదా డబ్బింగ్ చెప్పించాలి. చూపుతో తేలిపోయే సీనుకి మాటలు రాయకండి.

ఒక్కో సీను ఒక్కో కాగితం మీద రాయండి: చోటు, మనుషులు, సామాన్లు, పగలా రాత్రా. కాగితాలను చోట్లవారీగా పేర్చండి. ఒకే ఒక్క కాగితం పడిన చోటుంటే ఆ సీనుని వేరే చోటికి మార్చండి. జనరేటరూ లైట్లూ మళ్లీ బండికెక్కించి దించేసరికి సగం రోజు పోతుంది.

డబ్బు సంగతి. బ్లమ్ నటులకు ముందు కనీస పారితోషికం ఇచ్చి, సినిమా ఆడితే వాటా ఇస్తాడు. ఆయన నిర్మించిన 'గెట్ అవుట్' సుమారు 45 లక్షల డాలర్లతో తయారైతే, వసూళ్లు 25 కోట్ల డాలర్లు దాటాయి. మీరూ వాటా ఇవ్వండి, కానీ షూటింగ్‌కి ముందే స్టాంపు పేపరు మీద, ఆ మనిషి చదవగలిగే భాషలో రాసివ్వండి. బేటా (రోజువారీ ఖర్చుల డబ్బు), భోజనం మాత్రం ఏ రోజుది ఆ రోజే. నాటకాల్లో పండిన పెద్దవాళ్లు "పర్లేదు బాబూ, తర్వాత చూద్దాం" అంటారు. వాళ్ల మంచితనం మీద సినిమా తీయకండి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఎడిటింగ్ అయ్యాక మీ స్నేహితులు కాని ఓ ఇరవై మందికి చూపించండి, తెలుగు వాళ్లు సగం, ఒడియా వాళ్లు సగం. మీరు తెర వైపు చూడొద్దు. ఎక్కడ ఫోన్లు బయటికొస్తాయో ఆ నిమిషం రాసుకుని, రెండు వర్గాలూ ఒకేచోట ఫోను తీస్తే అక్కడ కత్తెర వేయండి.